మొక్క నాటే ముందు నాలుగు కమ్మీలు: చేను కింద బండ ఎక్కడుందో ఇలా చూసుకోండి



పోయినసారి మా మామిడి తోట వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఒకే చేను, ఒకే జీవామృతం. మరి ఆ ఒక్క పట్టీలోనే మొక్కలు ఎందుకు ఎండిపోయినాయి?" దానికి జవాబు ఈ వీడియోలో ఉంది. లెక్కలు మాత్రం ఇక్కడ రాస్తున్నా, నిదానంగా చదువుకోండి.

మాది మడకశిర దగ్గర మూడెకరాల ఎర్ర నేల. మూడేళ్ల కిందట అడుగున్నర గుంతలు తీసి 180 మామిడి మొక్కలు పెట్టినాం. ఘనజీవామృతం వేసినాం, ఆకులు కప్పినాం, ఎండాకాలం బిందెలతో నీళ్లు పోసినాం. అయినా 41 మొక్కలు పోయినాయి, అన్నీ చేను నడిమి పట్టీలోవే. "ఆ పట్టీలో శెనక్కాయ ఎప్పుడూ ముందుగా వాడుతుందిరా" అని నాయన ముందే చెప్పినాడు. డిప్లొమా చదివినోణ్ని కదా, నేను వినలేదు.

మళ్లీ మొక్కలు కొనే ముందు ఈసారి భూమిని అడుగుదామనుకున్నా. బోరు పాయింట్ చూసే ఒకాయన దగ్గర రెసిస్టివిటీ మీటరు ఒక రోజు బాడుగకు తెచ్చినా.

పద్ధతి ఇదీ

నాలుగు ఇనుప కమ్మీలు ఒకే గీతలో, సమాన దూరంలో దిగ్గొట్టాలి. 5 సెంటీమీటర్లు దిగితే చాలు. బయటి రెండు కమ్మీల గుండా మీటరు కరెంటు పంపుతుంది, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తుంది. తెరమీద ఓముల్లో ఒక అంకె వస్తుంది. అమెరికాకు చెందిన ఫ్రాంక్ వెన్నర్ 1915లో చెప్పిన పద్ధతి ఇది. బోర్లకు పదుల మీటర్ల దూరం పెట్టి లోతు చూస్తారు. మనకు కావాల్సింది వేరు దిగే లోతే కాబట్టి 1 మీటరు, తర్వాత 2 మీటర్ల దూరం చాలు.

లెక్క: 6.28 × కమ్మీల మధ్య దూరం × మీటరు అంకె. వచ్చేది ఓమ్-మీటర్లు.

మొక్కలు బాగున్న చోట 1 మీటరు దూరానికి అంకె 14, అంటే 88 ఓమ్-మీటర్లు. 2 మీటర్లకు అంకె 8, అంటే 100. పెద్ద తేడా లేదు, కిందికి కూడా అదే మన్ను. ఎండిన పట్టీలో 1 మీటరుకు అంకె 33, అంటే 207. 2 మీటర్లకు 34, అంటే 427!

లెక్క రాకపోయినా ఈ ఒక్క గుర్తు పెట్టుకోండి. కింద ఒకే మన్ను ఉంటే, దూరం రెట్టింపు చేసినప్పుడు మీటరు అంకె సగానికి పడాలి. పడకపోతే అడుగున కరెంటు పోనివ్వని పొర ఉన్నట్టు. మన గ్రానైట్ నేలల్లో అది చాలాసార్లు బండే.

20 మీటర్లకు ఒకచోట చొప్పున 30 చోట్ల కొలిచి, గళ్ల కాగితం మీద అంకెలు రాసి రంగులు వేసినా. నాయన చెప్పిన పట్టీ ఎర్రగా బయటపడింది. గడారితో తవ్వితే రెండడుగులకే పరుపు బండ. మా గుంతలు దానికి అర అడుగు పైనే ఆగిపోయినాయి.

మీటరు కూడా పొరపాటు పడుతుంది

ఇంకొక చోట కూడా అంకె పెద్దదే వచ్చింది. తవ్వితే బండ లేదు, ఎండిన గరుసు ఉంది. ఎందుకంటే మీటరు చూసేది మన్నును కాదు, అందులో కరెంటు ఎంత సులువుగా పోతుందో. తడి ఉన్నా, బంకమన్ను ఉన్నా, చవుడు ఉన్నా అంకె తగ్గుతుంది. ఎండితే పెరుగుతుంది. అందుకే మంచి వాన పడిన రెండు మూడు రోజులకు, చేనంతా ఒకే రోజు కొలవండి. రంగు మారిన ప్రతిచోటా ఒక గుంత తవ్వి చూడండి. సేంద్రియ కర్బనం, వానపాములు ఈ మీటరుకు కనపడవు. వాటికి మట్టి పరీక్ష, మన కళ్లే దిక్కు.

ఇదే సూత్రం పెద్ద ఎత్తున మన పక్కనే వాడారు. తుమకూరు జిల్లా అంకసంద్ర వాటర్‌షెడ్‌లో హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు హెలికాప్టర్‌కు పెద్ద చట్రం వేలాడదీసి, భూగర్భజలాల కోసం అడుగు పొరలను పటం గీసినారు. మనకు హెలికాప్టర్ అక్కర్లేదు, నాలుగు కమ్మీలు చాలు.

ఇప్పుడేం చేసినాం

బండ పట్టీలో మళ్లీ మామిడి పెట్టలేదు. కొర్ర, ఉలవ చల్లినాం, పీఎండీఎస్ విత్తనాలు కూడా అక్కడే. కొత్త మామిడి మొక్కలన్నీ లోతు మన్నున్న అంచుకు మార్చినాం. ఆ పట్టీలోనే బోరు వేద్దామనుకున్న ఆలోచన కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టినాం.

జీవామృతం మన్నుకు ప్రాణం పోస్తుంది గానీ లేని మన్నును తెచ్చిపెట్టదు. ముందు ఇంట్లో పెద్దోళ్లను అడగండి, తర్వాత మీటరు పెట్టండి, చివరికి గడారి దించండి. మూడూ ఒకే మాట చెబితేనే మొక్క నాటండి.

మీ చేలో ముందుగా వాడే పట్టీ ఏదో కింద రాయండి. వచ్చే వీడియోలో కమ్మీలు దిగ్గొట్టడం మొదటినుంచి చూపిస్తా.