గుమ్మిలో గింజ ఉంటేనే కూలి బేరం

ఇరవై ఏళ్ల కిందటి మాట. శ్రావణ మాసం, కలుపుల కాలం. మా పక్క ఊళ్లో ఆడవాళ్ల కలుపు కూలి పెంచాలని సంఘం సమ్మె పిలుపు ఇచ్చింది. దండోరా వేయించాం. మొదటి రోజు ఒక్క మనిషి కూడా చేలోకి దిగలేదు. రెండో రోజూ దిగలేదు. చేలల్లో గడ్డి లేస్తున్నది, ఆసాములు తప్పక బేరానికి వస్తారని మేము లెక్క వేసుకున్నాం. లెక్కలో ఒకటి మరిచాం. మూడో రోజు కిరాణా కొట్టాయన ఉద్దెర బంద్ పెట్టాడు. నాలుగో రోజు పొద్దున్నే ఒక పెద్ద ఆసామి ఇంటి ముందు బియ్యం బస్తా విప్పి, పనికి వచ్చినోళ్లకు ఐదేసి కిలోలు అడ్వాన్సు అన్నాడు. పది గంటలు కాకముందే సగం వాడ చేలో ఉంది.

మేము కోపంగా వాడకు పోయాం. ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "కొడుకా, మీ మాట మంచిదే. నిన్న పిల్లలకు గంజినీళ్లు పోసిన. ఇయ్యాల ఏం పొయ్యాలె? మీరే చెప్పుండ్రి" అన్నది. మా సంచిలో కరపత్రాలు ఉన్నాయి, రసీదు పుస్తకం ఉంది. గింజ లేదు. మేము జవాబు చెప్పలేకపోయాం.

ఆ సమ్మెను ఓడించింది ఆసామి బలం కాదు, మన ఖాళీ కుండ. ఈ సంగతి ఒప్పుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది. ఒప్పుకున్నాక, పేదల ఇంట్లో గింజ నిలవబెట్టిన వాళ్లు ఎక్కడైనా ఉన్నారా అని వెతుకుతూ పోతే జహీరాబాద్ కనపడింది.

దానం వేరు, సంఘం వేరు

పేదలకు సాయం చేస్తామని ఊళ్లలోకి వచ్చే వాళ్లు చాలా రకాలు. వరదలప్పుడు, తుపాన్లప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని జాతీయ రహదారుల మీద నడిచినప్పుడు, దారి పక్కన నిలబడి అన్నం పొట్లం, నీళ్ల సీసా, చెప్పుల జత ఇచ్చిన వలంటీర్లను మనం చూశాం. అందులో మన యువకులూ ఉన్నారు. ఆ చేతికి దండం పెట్టాల్సిందే. ఆకలితో ఉన్న వాడి ముందు సిద్ధాంతం మాట్లాడేది మనిషి కాదు.

అయితే ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉండి, పుచ్చుకునే చెయ్యి ఎప్పుడూ కిందే ఉంటే దాన్ని దానం అంటారు. బియ్యం బస్తా పక్కన నిలబెట్టి ఫోటో దిగి పోయేవాళ్లు రెండో నెల రారు. ఊరి జనమే కూడి, కొలిచి, దాచి, ఎవరికి ముందు అవసరమో తామే తేల్చి పంచుకుంటే దాని పేరు వేరు. మన తెలంగాణ పల్లెల్లో ఆ మాట ఎప్పటినుంచో ఉంది. ఆంధ్ర మహాసభను కూడా జనం 'సంగం' అనే పిలుచుకున్నారు.

బండలకు పట్టా

జహీరాబాద్ పాత మెదక్ జిల్లాకు పడమటి కొస. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. బీదరు సరిహద్దు. నల్లరేగడి కొంత, ఎర్ర చెలక కొంత. 1973లో భూ పరిమితి చట్టం వచ్చింది. మిగులు భూములు, సర్కారు భూములు దళితులకు, పేదలకు అసైన్ చేశారు. 1977 చట్టం వాటిని అమ్మినా కొన్నా చెల్లదన్నది. కాగితం మీద అంతా బాగుంది. చేతికొచ్చిన చెలక చూస్తే రాళ్లు, తుప్పలు. నాగలి లేదు, ఎడ్లు లేవు, ఎరువు లేదు. పట్టా ట్రంకు పెట్టెలో, మనిషి పటేలు చేలో కూలికి. ఇది ఒక్క జహీరాబాద్ కథ కాదని చదువరులకు తెలుసు.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం పేదవాడి కడుపులో పడింది, కాదనలేం. కానీ ఎర్ర చెలకల్లో పండే జొన్నను అడిగే దిక్కు తగ్గింది. రేషన్ దుకాణం జొన్న కొనదు, పచ్చజొన్న రొట్టె తినే ఇల్లు బియ్యానికి మళ్లింది. చెలకలు మరింత బీడు పడ్డాయి. బీడు పడితే కూలి పోతుంది, పశువుకు చొప్ప పోతుంది.

అదే 1983లో ఆ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ పని మొదలుపెట్టింది. స్థాపకుల్లో ఒకరు పి.వి.సతీష్. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన మనిషి, 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ సంస్థ చుట్టూ పదుల ఊళ్లలో మహిళా సంఘాలు లేచాయి. అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు, బడి ముఖం చూడని వాళ్లు. ముందు బీడు మీద పడ్డారు. రాళ్లు ఏరారు, గట్లు పోశారు, పెంట తోలారు. సెంటు భూమి లేనివాళ్లు గుంపులుగా కౌలుకు పట్టారు. కొందరు ఎస్సీ కార్పొరేషన్ భూమి కొనుగోలు పథకం కింద భూమి సంపాదించుకున్నారు.

గింజ ఎట్లా నిలిచింది?

1990ల నడుమ వాళ్లు చేసిన పని మనం వివరంగా తెలుసుకోవాలి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ డబ్బు ఇచ్చింది. పని నడిపింది మాత్రం ఊరి ఆడవాళ్ల కమిటీలు. బీడు ఉన్న చిన్న రైతుకు దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి విడతలుగా అప్పు ఇచ్చారు. ఏ విడత పని ఆ విడతలో జరిగిందా లేదా అని కమిటీ ఆడవాళ్లే చెలకకు పోయి చూశారు. అప్పు తీర్చాల్సింది రూపాయల్లో కాదు, జొన్నల్లో. ఏడాదికి కొంత చొప్పున ఐదేళ్లు. ఇట్లా ముప్పై ఊళ్లలో 2,000 ఎకరాలకు పైగా బీడు సాగులోకి వచ్చింది.

తిరిగి వచ్చిన జొన్న పట్నం గోదాముకు పోలేదు. ఊళ్లోనే నిలవ చేశారు. చేతిలో పని లేక గింజ కరువయ్యే వానాకాలంలో, బజారు ధర కంటే చౌకగా పేదలకు అమ్మారు. పేదలు ఎవరో తేల్చడానికి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగలేదు. ఊరంతా కూడి నేల మీద ముగ్గుతో ఊరి పటం గీసింది. ఏ ఇంటికి భూమి లేదు, ఏ ఇంటి పిల్లలు జీతానికి ఉన్నారు, ఎవరికి చేసిపెట్టే దిక్కు లేదు అని నలుగురి ముందు మాట్లాడుకుని గుర్తులు పెట్టారు. ఎక్కువ పేదకు ఎక్కువ గింజ. అందరి కళ్ల ముందు జరిగింది గనుక దొంగ కార్డుకు తావు లేదు.

విత్తనం సంగతీ అంతే. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర ఒకే చెలకలో కలిపి వేస్తారు. వాన ఒక పంటను ముంచితే ఇంకొకటి నిలుస్తుంది. విత్తనాన్ని బూడిద, వేపాకు వేసి మట్టి పూసిన బుట్టల్లో దాస్తారు. లేనివాళ్లు సంఘం నుంచి తీసుకుని, పంటకు కొంత కలిపి తిరిగి కొలుస్తారు.

ఇక్కడ ఒక మాట. పెద్దవాళ్లకు నాగు గుర్తుంటుంది. ఆషాఢంలో దొర బస్తా ధాన్యం ఇచ్చి, పంట మీద బస్తాన్నర, రెండు బస్తాలు కొలిపించుకునే వాడు. 1946-51 పోరాటంలో జనం దొరల ధాన్యం కొట్లు తెరిచి, అప్పు కాగితాలు తగలబెట్టింది అందుకే. సంఘం విత్తనానికీ కొంత కలిపే కొలుస్తారు కదా, తేడా ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. నాగు మీద వచ్చిన మిత్తి దొర గాదెలోకి పోయింది. సంఘం మిత్తి పక్కింటి పేదరాలి చెలకలోకి పోతుంది.

మా తప్పు, వాళ్ల లోటు

నిజం చెప్పాలంటే మొదట్లో మేము ఇలాంటి సంస్థలను నమ్మలేదు. బయటి డబ్బుతో నడుస్తాయి, పోరాటాన్ని చల్లారుస్తాయి అని మీటింగుల్లో మాట్లాడాం. కొన్నింటి విషయంలో ఆ మాట ఇప్పటికీ నిజమే. ప్రాజెక్టు అయిపోగానే జీపు, బోర్డు, మనుషులు అన్నీ మాయమైన ఊళ్లు మేము చూశాం. కానీ అందరినీ ఒకే గాటన కట్టి, దళిత ఆడవాళ్లు తమ చేతులతో నిలబెట్టిన గింజను కూడా చూడకపోవడం మా తప్పు. 2020లో వాళ్లు తమ ఇళ్ల జొన్నలతో అంబలి కాచి జహీరాబాద్ పారిశుద్ధ్య కార్మికులకు పోశారు. పుచ్చుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి అయింది.

లోటు కూడా చెప్పాలి. గుమ్మి కడుపు నింపుతుంది, కానీ భూమి ఎవరిదో అది తేల్చదు. పదెకరాల చెరకు తోట ఉన్న ఆసామినీ, అరెకరం బీడు ఉన్న మనిషినీ అది ఎక్కడి వాళ్లను అక్కడే ఉంచుతుంది. ఆ జహీరాబాద్ ప్రాంతంలోనే న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ అనే పారిశ్రామిక మండలికి 12,000 ఎకరాలకు పైగా సేకరించాలని సర్కారు పూనుకున్నప్పుడు, విత్తన బుట్ట ఒక్కటే అడ్డం నిలవలేదు. 2015లో వచ్చిన 123 జీవో కింద భూమి ఉన్నవాడితో బేరమాడి కొన్నారు. ఆ భూమి మీద కూలి చేసి బతికేవాడికి పైసా లేదు. కోర్టుకు పోయింది ఎవరు? ఆ ప్రాంతపు వ్యవసాయ కూలీలే. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టివేశారు. ప్రభుత్వం వెంటనే అప్పీలుకు పోయింది, కూలీలకూ కొంత పునరావాసం చూపుతూ కొత్త ఉత్తర్వులు తెచ్చింది. పోరు అక్కడితో ముగియలేదు. కానీ భూమి లేనివాడికీ ఆ భూమి మీద బతుకు ఉందన్న మాట రికార్డుకు ఎక్కింది. అది ఎక్కించింది గుమ్మి కాదు, కలిసి నిలబడిన కూలి జనం.

అందుకే మేము అనేది: గుమ్మి లేని జెండా నాలుగో రోజు వంగుతుంది. జెండా లేని గుమ్మి భూమి పోయిన రోజున ఖాళీ అవుతుంది. రెండూ ఒకే వాడలో ఉండాలి.

ఇప్పుడు రేషన్ వస్తున్నది కదా?

ఇట్లా అడిగే వాళ్లున్నారు. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోలు హక్కు చేసింది. మంచిదే, దాన్ని కాపాడుకోవాలి. కానీ రోజంతా వంగి నాటు వేసే మనిషికి 5 కిలోలు ఎన్ని రోజులకు వస్తాయో ఇంట్లో వండేవాళ్లను అడగండి. వేలిముద్ర పడలేదని, పేరు లేదని తిప్పి పంపిన ఇళ్లు మీ వాడలోనే ఉంటాయి. రేషన్ సర్కారు ఇచ్చేది, సర్కారు ఆపగలిగేది. వాడ గుమ్మికి తాళం వాడ చేతిలో ఉంటుంది.

చేయాల్సిన పని

పెద్ద పథకం అక్కర్లేదు. పంట మీద కూలి గింజల్లో దొరికే ఊళ్లలో ఇంటికి రెండు మానికలు, డబ్బులుగా దొరికే చోట ఒక్క పూట కూలి పక్కన పెట్టండి. దాచే బాధ్యత ముగ్గురు ఆడవాళ్లకు ఇవ్వండి. లెక్క రాయగలిగిన పిల్ల ఎవరో ఒకరు ప్రతి వాడలో ఉంటుంది. నెలకోసారి లెక్క నలుగురిలో చదివించండి. సంఘం నాయకులమైన మేము తాళం ముట్టకూడదు, ఇది మొదటి షరతు. ముందు ఒంటరి ముసలివాళ్లు, రోగులు, మనిషి వలస పోయిన ఇళ్లు. ఆ తర్వాతే మిగతా వాళ్లు. సాయం చేస్తామని వచ్చే సంస్థ ఏదైనా ఉంటే రానివ్వండి, గింజ తీసుకోండి, కానీ కొలత మన కమిటీదే అని మొదటి రోజే చెప్పండి.

ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. నిరుడు శ్రావణంలో అదే వాడలో పన్నెండు ఇళ్ల వాళ్లు కూడి ఒక డ్రమ్ములో జొన్నలు, ఇంకో డ్రమ్ములో బియ్యం పోసి పెట్టారు. కలుపు కూలి బేరం ఆరు రోజులు నడిచింది. ఏడో రోజు ఆసాములే మనిషిని పంపారు. పెరిగింది కొంచెమే. కానీ ఈసారి నాలుగో రోజున బియ్యం బస్తా ముందు ఎవరూ వరుస కట్టలేదు.

ఈ ఏడు మీ వాడలో కలుపులు మొదలు కాకముందే ఒక డ్రమ్ము కడిగి ఆరబెట్టండి.