టాన్సిల్స్ తీశాక ఏ మందు?

టాన్సిల్స్ ఆపరేషనై ఇంటికొచ్చిన పిల్లవాడు ఒక్కోసారి చెవి పట్టుకుని ఏడుస్తాడు. చెవిలో ఏ లోపమూ ఉండదు. గొంతుకీ చెవికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి కాబట్టి గొంతు పుండు నొప్పి అక్కడ తెలుస్తుంది. ఈ బాధ వారం, పది రోజులుంటుంది. మింగలేక నీళ్లు మానేస్తే గొంతెండి మరీ మండుతుంది. ఐస్‌క్రీం సరే, ముందు మందు సంగతి చూడాలి.

ఒకప్పుడు చాలా దేశాల్లో దీనికి కోడీన్ రాసేవారు. మార్ఫిన్‌కంటే మెత్తనిదని నమ్మకం. నిజానికి కోడీన్ బలమంతా అరువుదే: కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని మార్ఫిన్‌గా మారిస్తేనే నొప్పి తగ్గుతుంది. ఆ ఎంజైము కొందరిలో పుట్టుకతోనే మందకొడి, వాళ్లకు మందు పట్టినా పట్టనట్టే. కొందరిలో మహా చురుకు. డాక్టరు చెప్పిన మోతాదుకే ఒంట్లో మార్ఫిన్ పోగుపడి, నిద్రలో ఊపిరి ఆగిపోవచ్చు. పైగా టాన్సిల్స్ తీయించుకునే పిల్లల్లో చాలామందికి ముందే నిద్రలో శ్వాస అడ్డుపడుతుంటుంది. కొందరు పిల్లలు చనిపోయాక అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో తీవ్ర హెచ్చరిక ఇచ్చింది. 2017లో 12 ఏళ్లలోపు వారికి నొప్పి కోసం కోడీన్‌గానీ, అలాంటిదే అయిన ట్రమడాల్‌గానీ వాడొద్దంది.

మిగిలినవి మనకు తెలిసినవే: పారాసిటమాల్, ఐబూప్రొఫెన్. జ్వరం మందులేగా అని తీసిపారేస్తాం. ఐబూప్రొఫెన్ వాపునీ తగ్గిస్తుంది, పారాసిటమాల్‌కి ఆ గుణం లేనట్టే. దారులు వేరు కాబట్టి రెండూ కలిస్తే బలం పెరుగుతుంది. ఐబూప్రొఫెన్‌తో రక్తం కారుతుందేమోనని సర్జన్లు చాలాకాలం జంకారు. 2019లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల మార్గదర్శకాలు మాత్రం ఈ రెండింటినే, విడిగానో కలిపో, సూచించాయి. నీళ్లు తాగక ఒళ్లు ఎండిన పిల్లలకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఐబూప్రొఫెన్ మంచిది కాదు. నిమెసులైడ్ అనే మరో నొప్పి మందును 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని మన దేశం 2011లోనే నిషేధించింది.

ఏడ్చినప్పుడే ఇద్దామనుకుంటే నొప్పి ముదిరాక మందు సరిగా అందుకోలేదు. మొదటి రోజుల్లో డాక్టరు చెప్పిన వేళలకే ఇవ్వాలి.

నాకు ఎక్కువ భయం సీసాలతోనే. 15 కిలోల పిల్లవాడికి, కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన, ఒక విడతకు 225 మిల్లీగ్రాముల పారాసిటమాల్. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే నాలుగున్నర మిల్లీలీటర్లు చాలు. 120 ఉండేదైతే తొమ్మిది దాటాలి. చంటిపిల్లల డ్రాప్స్‌లో మిల్లీలీటరుకే 100 ఉంటుంది. ఇక కొన్ని సిరప్‌లలో రెండు మందులూ కలిపే ఉంటాయి; అది పట్టించి, విడిగా మరో పారాసిటమాల్ కూడా పోస్తే మోతాదు రెట్టింపైనట్టే.