పాట ఎవరి సొత్తు?

తిరుత్తణి కొండ సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) తమ మొదటి కృతిని ఇక్కడే మాయామాళవగౌళ రాగంలో రచించారని చెబుతారు. ఆడికృత్తికనాడు కావడులు మోసుకొని వచ్చే భక్తులతో ఈ కొండ కిటకిటలాడుతుంది. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోవెలలోనూ ఉత్సవాలు ఘనంగా జరుగుతాయి. పాటలేని పండుగ ఈ ప్రాంతంలో లేదు.

పండుగకు రాలేనివారు నేడు ఇంట్లోనే కూర్చుని సెల్‌ఫోనులో ఉత్సవం చూస్తున్నారు. జరుగుతున్నదానిని అప్పటికప్పుడే ఇంటర్నెట్టు ద్వారా చూపడాన్ని ప్రత్యక్ష ప్రసారం అంటారు. బడి వార్షికోత్సవాలనూ ఇలాగే చూపుతున్నారు. అయితే ఒక్కొక్కప్పుడు ప్రసారం నడుమ ధ్వని ఆగిపోతుంది, లేదా ప్రసారమే నిలిచిపోతుంది. ఇది యంత్రలోపం కాకపోవచ్చు. అక్కడ వేసిన పాటకు అనుమతి లేకపోవడం కారణం కావచ్చు.

పొలం, ఇల్లు ఎలాగో పాట కూడా అలాగే ఒక ఆస్తి. మన దేశంలో 1957లో చేసిన కాపీరైటు చట్టం ఈ ఆస్తిని కాపాడుతున్నది. ఒక సినిమా పాటలో మాటలు కవివి. వరుస సంగీత దర్శకునిది. రికార్డు దానిని తయారుచేయించిన వారిది. పాడినవారికీ 1994 నుంచి చట్టం కొన్ని హక్కులు ఇచ్చింది. మాటలకు, వరుసకు కర్త జీవితకాలమేగాక, మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. రికార్డుకు అది వెలువడిన తరువాత 60 ఏళ్ళు ఉంటుంది.

పాడిన గాయకునికి కూడా ఆ పాట పూర్తిగా సొంతం కాకపోవచ్చు. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తున్నప్పుడు, అనుమతి లేకుండా తన పాటలు పాడరాదని ఇళయరాజా ఆయనకు లాయరు నోటీసు పంపించారు. ఆ పాటలను విడిచి మిగిలినవాటితో కచేరీలు సాగిస్తామని బాలసుబ్రహ్మణ్యం ప్రకటించారు.

చట్టంలో కొన్ని మినహాయింపులు లేకపోలేదు. బడిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు పాడినప్పుడు, వినేవారు ఆ బడివారు, తల్లిదండ్రులు మాత్రమే అయితే అనుమతి అక్కరలేదు. కాని దానినే ప్రపంచమంతా చూసేటట్లు ప్రసారం చేస్తే శ్రోతలు బడివారు మాత్రమే కారు కదా! మతసంబంధమైన ఉత్సవాలకూ, పెళ్ళి వేడుకలకూ మినహాయింపు ఉంది. అయినా ఇంటర్నెట్టు ప్రసారానికి దానినే నమ్ముకొని ధీమాగా ఉండరాదు. యూట్యూబు 2007లో ప్రవేశపెట్టిన కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ధ్వనిని పోల్చి పాటను గుర్తుపడుతుంది. అది గుడి పాటా, పెళ్ళి పాటా అని విచారించదు. హక్కుదారు ఫిర్యాదు వల్ల 90 రోజులలో మూడు హెచ్చరికలు వస్తే చానలునే తొలగించవచ్చు.

కొందరు 'మేము డబ్బు సంపాదించడం లేదు' అంటారు. కొందరు 'కొన్ని సెకండ్లే వేశాం' అంటారు. ఇంకొందరు పాటకర్త పేరు చెప్పి ఊరుకుంటారు. వీటిలో ఏదీ అనుమతికి సాటిరాదు. క్యాసెట్టు కొన్నవారికి వినే హక్కే గాని ప్రసారం చేసే హక్కు రాదు.

మరి దారి ఏది? మొదటిది, హక్కుకాలం తీరిన కృతులను స్వయంగా పాడడం. దీక్షితుల, త్యాగరాజుల కృతులను ఎవరైనా పాడవచ్చు. ఇతరులు పాడిన కొత్త రికార్డు వేస్తే మాత్రం దానికి అనుమతి కావాలి. అన్నమయ్య మాటలు అందరివీ. కాని పాత వరుసలు దొరకని అనేక కీర్తనలకు ఈ కాలపు విద్వాంసులు వరుసలు కట్టారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1979లో మరణించారు. కనుక ఆయన కట్టిన వరుసలకు 2039 చివరివరకు హక్కు ఉంటుంది. రెండవది, అనుమతి తీసుకోవడం. మాటలకు, వరుసకు 1969లో ఏర్పడిన ఐ.పి.ఆర్.ఎస్. వంటి సంస్థను, రికార్డుకు దాని కంపెనీని అడగాలి. మూడవది, కర్తలే ఉచితంగా వాడుకోనిచ్చిన సంగీతాన్ని, వారి షరతులు పాటిస్తూ వాడడం. నాలుగవది, ఊరి కళాకారునిచేత కొత్త పాట కట్టించి, ప్రసారానికి ఒప్పందం రాసుకోవడం.

పూర్వం చాలామంది సినీకవులు, సంగీత దర్శకులు ఒక్కసారి ప్రతిఫలం పుచ్చుకొని హక్కులన్నీ నిర్మాతకు రాసి ఇచ్చేవారు. పాట ఏళ్ళ తరబడి మోగినా వారికి ముట్టేది ఏమీ లేదు. 2012లో చట్టాన్ని సవరించారు. సినిమాహాలులో కాక ఇతరత్రా పాటను వాడినప్పుడు వచ్చే రాయల్టీలో వారికి సమానవాటా దక్కాలని నిర్ణయించారు. అడిగి పాడిన పాట ఆ కవి ఇంట దీపం వెలిగిస్తుంది. పండుగ అందరిదీ, పాటకు మాత్రం ఒక కర్త ఉన్నాడని మరువరాదు.

ప్రశ్నలు
1. ఒక సినిమా పాటలో ఎవరెవరికి హక్కులు ఉంటాయి?
2. అన్నమయ్య కీర్తన పాడేముందు వరుస ఎవరిదో ఎందుకు తెలుసుకోవాలి?
3. మీ బడి వార్షికోత్సవాన్ని ప్రసారం చేయాలంటే ఏ పాటలు ఎన్నుకొంటారు? కారణాలు రాయండి.