ఒక ఫైలు, రెండు నామములు

బెల్ లాబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు 1969లో ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థయందు ఫైలులోని విషయము ఒకచోటను, దాని పేరు వేరొకచోటను ఉండును. విషయమునకు ఐనోడ్ అను సంఖ్య యొకటి కలదు. డైరెక్టరీలో ఆ సంఖ్య కెదురుగా వ్రాసియున్నదే నామము. ఒకే సర్వే నెంబరుగల పొలమును ఒకరు చెరువుకింది చేననియు, వేరొకరు మామిడిమాను చేననియు పిలిచినట్లు, ఒకే ఐనోడునకు పెక్కు పేర్లు పెట్టవచ్చును. వీనినే హార్డ్ లింకులందురు. వీనియందు అసలు, నకలు అను భేదము లేదు. ఒక పేరు చెరిపినను, మరియొకటి ఉన్నంతవరకు విషయము చెక్కుచెదరదు.

చిక్కెల్ల పేరు మార్చునప్పుడే. ‘లెక్క’ అను ఫైలునకు ‘పద్దు’ అను హార్డ్ లింకు కలదనుకొందము. ‘ఎల్‌ఎస్ -ఐ’ అను ఆజ్ఞతో అడిగినచో రెండింటి యెదుటను ఒకే సంఖ్య కనబడును. అట్టియెడ ‘లెక్క’ను ‘పద్దు’గా మార్చుమని ఒక ప్రోగ్రాము రీనేమ్ అను సిస్టమ్ కాల్ ద్వారా కోరగా, యూనిక్స్ తరహాదగు లినక్స్ కెర్నెల్ పని సఫలమైనదని బదులిచ్చును, చూడబోయిన ‘లెక్క’ యథాస్థానముననే యుండును! ఇది దోషము గాదు. రెండు నామములును ఒకే ఫైలునకు చెందినప్పుడు ఏమియు చేయక సాఫల్యమును తెలుపవలెనని యూనిక్స్ తరహా వ్యవస్థలకేర్పడిన పోసిక్స్ ప్రమాణమే శాసించుచున్నది. క్రొత్త పేరున పాత విషయము లభించుటయే రీనేమ్ ఫలమైనచో, అది ముందే సిద్ధించియున్నది గదా!

వాడుకరులకు ఇది రుచింపదని కాబోలు, జీఎన్‌యూ వారి ‘ఎంవీ’ అను పేరుమార్పు ఆజ్ఞ కొంతకాలము పాత నామమును తానే తొలగించుచుండెను. కాని ఒకరు ‘లెక్క’ను ‘పద్దు’గాను, అదే క్షణమున మరియొకరు ‘పద్దు’ను ‘లెక్క’గాను మార్చబూనినచో, ఒక్కొక్కరు ఒక్కొక్క పేరును చెరిపి, తుదకు ఫైలే మాయమగు ప్రమాదముండెను. అందుచే, ‘ఎంవీ’ చేరియున్న ఆజ్ఞల సంపుటియగు, 2015లో వెలువడిన కోర్‌యుటిల్స్ 8.24 మొదలుకొని ‘రెండును ఒకే ఫైలు’ అని ఆ ఆజ్ఞ నిరాకరించుచున్నది.

విండోసునందును ఎన్‌టీఎఫ్‌ఎస్ హార్డ్ లింకుల నంగీకరించును; ఐనను పేరు మార్చుటలో విండోసు ధర్మము వేరు. క్రొత్త పేరున అన్య ఫైలు అదివరకే యున్నచో, యూనిక్స్ రీనేమ్ దానిని సద్దుచేయక తొలగించి ఆ స్థానము నాక్రమించును. విండోసు సామాన్యముగా అడ్డుచెప్పును. పెన్‌డ్రైవులలో వాడు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి హార్డ్ లింకులే తెలియవు. కనుక ఒకచోట వ్రాసిన ప్రోగ్రామును వేరొకచోట నమ్మికతో నడుపరాదు.

నిత్యవ్యవహారమున తారసిల్లు చిక్కు మరియొకటి. పెక్కు ఎడిటర్లు భద్రపరచునప్పుడు విషయమును తాత్కాలిక ఫైలులో వ్రాసి, పిదప దానికి పాత పేరును తగిలించును. అంతట ‘లెక్క’ క్రొత్త ఐనోడును చేరును. ‘పద్దు’ మాత్రము నిన్నటి విషయమునే చూపుచుండును. విమ్ ఎడిటరున ‘బ్యాకప్‌కాపీ’ అను అమరికను ‘యెస్’ అని యుంచినచో పాత ఐనోడునందే వ్రాతజరిగి లింకు నిలుచును. తక్కినవానిని వాడువారు భద్రపరచిన పిమ్మట ‘ఎల్‌ఎస్ -ఎల్’ చూపు లింకుల సంఖ్యను పరికింపవలెను; రెండు ఉండవలసినచోట ఒకటి కనబడిన, బంధము తెగినదని తెలిసికొని మరల కలుపవలెను.