పులికాట్ మెరుపుల్లో చిల్లుగారెలు

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో అక్కడ తీసిన ఫ్లెమింగో ఫొటోలు కొన్నింటిలో పక్షి వెనుక నీటి మెరుపులన్నీ చిల్లుగారెల్లా, నడుమ ఖాళీగా పడతాయి. అలా కనిపిస్తే ఆ ఫొటో మిర్రర్ లెన్స్‌తో తీశారన్నమాట.

మామూలు టెలిఫొటో లెన్స్‌ది ఇంకో తంటా. గాజు ఎరుపును ఒకలా, నీలాన్ని ఇంకోలా వంచుతుంది. రెండూ ఒకేచోట కలవవు. లెన్స్ ఎంత దూరానిదైతే తేడా అంత పెద్దది. గూడబాతు తెల్లరెక్క అంచున ఊదాగీత కనబడేది ఇందుకే. 1969లో కానన్ కంపెనీ, కృత్రిమంగా పెంచిన ఫ్లోరైట్ స్ఫటికాన్ని లెన్స్‌లో వాడి దీన్ని చాలావరకు అదుపు చేసింది. కానీ అది ఖరీదైన దారి.

అద్దానికి ఈ బాధ లేదు. ఏ రంగునైనా ఒకే కోణంలో తిప్పికొడుతుంది. గాజుతో రంగుదోషం పోదని నమ్మిన న్యూటన్ 1668లో అద్దంతో టెలిస్కోప్ చేశాడు. 1941లో, యుద్ధం నడుమ, సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రీ మక్సుతోవ్ ఇంకో మెట్టెక్కాడు. గోళాకారపు అద్దం ముందు వంపు తిరిగిన గాజుబిళ్ల పెడితే, అద్దం చేసే తప్పును గాజు దిద్దుతుందని కనిపెట్టాడు. ఆ పద్ధతిలో తయారైన ఎంటీఓ-500 లెన్స్‌కు 1958 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో గ్రాండ్ ప్రీ దక్కింది. కాంతి గొట్టంలోనే వెనక్కీ ముందుకీ మడతపడుతుంది కనుక లెన్స్ పొట్టిది, తేలికైనది. 1989లో వచ్చిన మినోల్టా 500 ఎం.ఎం. ఆటోఫోకస్ లెన్స్ బరువు 665 గ్రాములే.

కాంతిని మడవాలంటే ముందు భాగంలో నట్టనడుమ చిన్న అద్దం ఉండాలి. చిల్లు అక్కడ పుట్టింది. ఫోకస్ తప్పిన ప్రతి వెలుగుచుక్కా లెన్స్ నోటి ఆకారంలోనే పరుచుకుంటుంది. ఆ నోటి నడుమ అడ్డముంటే చుక్క నడుమా ఖాళీయే. వెనకున్న ఒక్క రెల్లుపుల్ల రెండు గీతలవుతుంది. పైగా ఎపర్చర్ చాలావాటిలో ఎఫ్/8 దగ్గరే స్థిరం, మార్చే వీల్లేదు.

ఈ లెన్స్‌ను చవకసరుకని తీసిపారేయడం అన్యాయం. రంగుదోషం పోవాలంటే చిల్లును భరించాలి, అంతే. అయినా పులికాట్ దగ్గర్లోని నేలపట్టు చెరువులో కొమ్మల మధ్య పక్షిగూళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను. వెనకాల కొమ్మలన్నీ జంటగీతలై కళ్లను పక్షి మీద నిలవనివ్వవు. పులికాట్‌లో వెనక బురదమేటో ఆకాశమో ఉంటే మాత్రం చక్కగా పనికొస్తుంది. ఎండ మీ వీపున పడేలా నిలబడండి, మెరుపులు తగ్గుతాయి. పొద్దెక్కి వేడిగాలి లేస్తే ఎంత ఖరీదైన లెన్స్‌కైనా మసకే, కనుక తెల్లవారగానే వెళ్లండి. పక్షి చిన్నగా పడుతోందని నీళ్లలోకి మాత్రం దిగకండి, ఫ్లెమింగోలు మేత వదిలి లేచిపోతాయి.