పెంకులు చెప్పే చరిత్ర

కుండ పగిలితే పెంకులను పారవేస్తాం. పురావస్తు శాస్త్రజ్ఞులు మాత్రం వాటిని ఏరి, కడిగి, భద్రపరుస్తారు. ఎందుకో తెలుసా?

బంగ్లాదేశ్‌లోని పహార్‌పూర్‌లో సోమపుర మహావిహారం ఉంది. 8వ శతాబ్దం చివర పాలవంశపు రాజు ధర్మపాలుడు దానిని కట్టించాడు. అందులో 177 గదులు. బౌద్ధ భిక్షువులు వాటిలో నివసించేవారు. అక్కడి తవ్వకాలలో కొమ్ముచెంబులు, మూకుళ్లు, ప్రమిదలు, పెద్ద బానలు దొరికాయి. చాలావరకు 10-12 శతాబ్దాలవి.

ఇన్ని వందల ఏళ్లు అవి ఎలా నిలిచాయి? పచ్చికుండ నీటిలో నానితే కరిగిపోతుంది. ఆవంలో వేడి సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే, బంకమట్టిలో రసాయనికంగా కలిసి ఉన్న నీరు కూడా పోతుంది. ఇక అది తిరిగి మెత్తని మట్టి కాలేదు. గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రని ఆక్సైడుగా మారుతుంది. గాలి చాలక పొగ కమ్మితే కుండ నల్లబడుతుంది. కాబట్టి రంగును బట్టి కాల్చిన తీరును ఊహించవచ్చు.

మరి కాలం? సాధారణంగా పై పొరకన్నా కింది పొర పాతది. ఏ పొరలో, ఏ గదిలో దొరికిందో తెలియని పెంకు చిరునామా లేని ఉత్తరం వంటిది. అందుకే పాత దిబ్బ మీద పెంకు కనబడితే జేబులో వేసుకోకండి. ఉన్నచోటనే ఉంచి, మీ ఉపాధ్యాయులకు చెప్పండి.