కొత్త ఎయిర్ గన్ కొంటారా? ముందు ఎందుకో చెప్పండి!

మిక్సీ కొనాలంటే నలుగురినీ అడుగుతాం. చీర కొనాలన్నా రంగు పోతుందా, అంచు నిలుస్తుందా అని పదిసార్లు తిరగేసి చూస్తాం. అదే ఇంట్లోకి ఎయిర్ గన్ వస్తోందంటే మాత్రం ‘అది మగవాళ్ళ వ్యవహారంలే’ అని ఊరుకుంటాం. కానీ ఆ తుపాకి ఉండేది మన బీరువా పక్కనే. దాని చుట్టూ తిరిగేది మన పిల్లలే. కొనే డబ్బూ ఇంటి డబ్బే. మరి మనం నోరు విప్పకపోతే ఎలా?

నెల్లూరు తీరాన అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు ఎక్కువ. గుంటల దగ్గర కొంగల్ని, నీటికాకుల్ని తరమడానికని ఎయిర్ గన్ మీద కన్ను వేసేవాళ్ళూ ఉంటారు. సరదాగా డబ్బాలకు గురిపెట్టేవాళ్ళు ఉంటారు. షూటింగ్ పోటీలకు వెళ్ళాలనుకునే అమ్మాయిలూ ఉంటారు. గొట్టం విరిచి పెల్లెట్ పెట్టే పాత స్ప్రింగు తుపాకి ఇంట్లో ఉన్నవాళ్ళకి రెండోసారి కొనేటప్పుడు మనసు ‘బుల్‌పప్’ మీదికి పోతుంది. ఏది కొనాలి అని అడిగే ముందు ‘ఎందుకు కొంటున్నాం?’ అని అడిగి చూడండి. సగం మోడల్స్ అక్కడే రాలిపోతాయి.

బుల్‌పప్ అంటే ఏమిటి?

మామూలు రైఫిల్‌లో పెల్లెట్ పెట్టే చోటు ట్రిగ్గర్‌కి ముందు ఉంటుంది. బుల్‌పప్‌లో అది ట్రిగ్గర్‌కి వెనక, మన బుగ్గ కింద ఉంటుంది. అందువల్ల గొట్టం పొడవు తగ్గకుండానే మొత్తం తుపాకి పొట్టిగా అవుతుంది. స్వీడన్ ఎఫ్‌ఎక్స్ ఇంపాక్ట్, టర్కీ క్రాల్ బ్రేకర్, జర్మనీ వాల్తర్ రీన్ ఈ కోవలోవే. వీటిలో స్ప్రింగు ఉండదు. ముందుగానే నింపి పెట్టిన గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. అందుకే పాత తుపాకిలా అదరవు, గురి తేలిగ్గా కుదురుతుంది. శక్తీ ఎక్కువే. చిక్కంతా ఆ శక్తి దగ్గరే ఉంది.

గుంటల కోసమా? అయితే వద్దు

గుంట మీద వాలే పక్షుల వల్ల నష్టం లేదని ఎవరూ అనలేరు. రొయ్యల్ని తినడం ఒక ఎత్తు. జబ్బుపడిన రొయ్యని కాకి ఒక గుంటలోంచి నోట కరుచుకుని పక్క గుంటలో జారవిడిస్తే, తెల్లమచ్చ వైరస్ కూడా దానితోపాటే వెళ్తుంది. చేతికొచ్చిన పంట పోతే ఆ ఇంటి కష్టం ఎలా ఉంటుందో ఈ తీరంలో చెప్పనక్కర్లేదు. అయినా సరే, దానికి మందు తుపాకి కాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొంగని, నీటికాకిని కొట్టడం వేటే. చంపితేనే కాదు, గాయపరిచినా, చంపబోయినా వేట కిందికే వస్తుంది. కాకుల్ని ఒకప్పుడు హానికర జీవుల జాబితాలో పెట్టిన మాట నిజమే. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు. కేసయితే జైలు, జరిమానా సరేసరి, పట్టుబడ్డ తుపాకి కూడా ప్రభుత్వపరమవుతుంది. అప్పు చేసి కొన్న బుల్‌పప్ అలా పోతే బాధ్యత ఎవరిది?

ఇంకోటి కూడా ఆలోచించండి. మన గుంట మీద వాలే పక్షులన్నీ మన ఊరివే కావు. దక్షిణాన దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, అంతకుముందు దాకా నెల్లూరు జిల్లాదే. అక్కడ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఆ పక్కనే పులికాట్ సరస్సుకి ఫ్లెమింగోలు వస్తాయి. తిండికోసం ఈ పక్షులు చెరువులూ సరస్సులూ వెతుక్కుంటూ చాలా దూరం తిరుగుతాయి. అక్కడ గూటిలో పిల్లలు ఎదురుచూస్తుంటే, ఇక్కడ మన పెల్లెట్ తగిలిన పక్షి తిరిగి వెళ్ళదు.

మరి దారేమిటి? గుంటల మీద అడ్డంగా నైలాన్ దారాలు, మెరిసే రిబ్బన్లు కట్టడం, వలలు వేయడం, గట్టు మీద మనిషిని పెట్టి డబ్బాలు మోగించడం. వనామీ సాగుకి అనుమతి ఇచ్చేటప్పుడు కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన షరతుల్లోనే పక్షుల్ని అడ్డుకునే ఏర్పాటు, పీతలు రాకుండా కంచె ఉన్నాయి. తుపాకి డబ్బు అక్కడ పెడితే పంటకీ మేలు, మనసుకీ నిశ్చింత.

లైసెన్సు గీత ఎక్కడుంది?

‘గాలి తుపాకేగా, లైసెన్సు ఎందుకు?’ అంటారు. అన్నిటికీ అక్కర్లేని మాట నిజమే. కానీ 2016 ఆయుధాల నిబంధనలు ఒక గీత గీశాయి. గొట్టం లావు 4.5 మిల్లీమీటర్లు, అంటే 0.177 అంగుళం మించినా, శక్తి 20 జౌల్స్ మించినా లైసెన్సు కావాల్సిందే. అర గ్రాము పెల్లెట్ సెకనుకి 280 మీటర్ల వేగంతో వెళ్తే ఇంచుమించు 20 జౌల్స్ అవుతుంది.

విదేశీ బుల్‌పప్‌లు ఎక్కువగా 5.5, 6.35 మిల్లీమీటర్ల సైజుల్లో దొరుకుతాయి. చాలావాటి శక్తి ఈ గీతకి ఎంతో పైన ఉంటుంది. అయితే ఇంగ్లండ్, వేల్స్‌లలో లైసెన్సు లేని రైఫిల్‌కి హద్దు సుమారు 16 జౌల్స్. అక్కడి కొనుగోలుదారుల కోసం కంపెనీలు తక్కువ శక్తి రకాలు కూడా తయారుచేస్తాయి. పేరు ఒకటే అయినా రకాలు వేరన్నమాట! కొట్టువాడు ‘ఇది ఫలానా కంపెనీ అండీ’ అంటే సరిపోదు. సైజెంత, జౌల్స్ ఎంత అని అడిగి, రెండూ రసీదు మీద రాయించుకోండి.

గురి సరదా కోసమైతే ఇవి చూడండి

చట్టం గీత లోపల ఉన్న రెండు మూడు బుల్‌పప్‌లు ముందున్నాయనుకోండి. ఎలా ఎంచుకోవాలి?

* ట్రిగ్గర్: బుల్‌పప్‌లో ట్రిగ్గర్ ముందు, యంత్రం వెనక. రెంటినీ పొడుగాటి కడ్డీ కలుపుతుంది. చౌక రకాల్లో అది మెత్తగా, సాగినట్టు ఉంటుంది. నొక్కి చూడందే కొనొద్దు.

* చేతివాటం: పెల్లెట్ చోటు బుగ్గ దగ్గరే కాబట్టి ఎడమచేతివాళ్ళకి కుడివైపు లివరు చాలా ఇబ్బంది. లివరు రెండో పక్కకి మార్చుకునే వీలుందా అడగండి.

* కొలత: భుజానికి ఆనించినప్పుడు వేలు ట్రిగ్గర్‌కి సుఖంగా అందాలి. మగవాళ్ళకి సరిపడింది మనకి సరిపడకపోవచ్చు.

* టెలిస్కోపు ఎత్తు: బుల్‌పప్ మీద అది గొట్టానికి బాగా పైన కూర్చుంటుంది. పెరట్లో అయిదారు మీటర్ల దూరంలో కొడితే పెల్లెట్ గురికి కిందుగా తగులుతుంది. అది తుపాకి లోపం కాదు, అలవాటు కావాలి.

* రెగ్యులేటర్: గాలి తగ్గుతున్నా ప్రతి దెబ్బా ఒకే బలంతో వెళ్ళడానికి ఇది ఉండటం మంచిది.

ఇక గాలి సంగతి. కారు టైర్లో రెండు బార్ల చిల్లర ఒత్తిడి ఉంటే, వీటిలో 200 బార్లు, ఆపైన నింపాలి. అంటే దాదాపు వంద రెట్లు! చేతి పంపు కొడితే ఒళ్ళు హూనమవుతుంది. లేదంటే సిలిండరో, కంప్రెసరో కొనాలి. తుపాకి ధర ఒక్కటే చూసి సంబరపడితే ఆనక లెక్క తప్పుతుంది. పంపు, టెలిస్కోపు, పెల్లెట్లు అన్నీ కలిపి లెక్కెయ్యండి. మామూలు పొడిగాలి తప్ప ఆక్సిజన్ ఎప్పుడూ నింపకూడదు, పేలుతుంది.

మన తీరంలో ఇంకో చిక్కుంది, ఉప్పుగాలి. తేమగాలిని పంపుతో కొడితే లోపల నీరు చేరి తుప్పు పడుతుంది. తేమ పీల్చే ఫిల్టరు ఉన్న పంపే తీసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో గుడ్డ సంచిలో మూసిపెట్టకండి. తుడిచి, నూనెగుడ్డతో పైపైన రాసి, గాలి తగిలేచోట తాళంలో ఉంచండి.

అమ్మాయి పోటీలకు వెళ్తానంటే...

అప్పుడు బుల్‌పప్ మాటే మరిచిపోండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టెలిస్కోపు పనికిరాదు. తుపాకి 4.5 మిల్లీమీటర్లది కావాలి, బరువు 5.5 కిలోలు మించకూడదు. పది మార్కుల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరే. అంత చిన్న చుక్కకి కావలసింది బలం కాదు, కుదురు. పోటీ రైఫిల్ శక్తి సుమారు ఏడున్నర జౌల్స్ మాత్రమే.

2018 నుంచి మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళూ 60 సార్లు కొట్టాలి. కాబట్టి బుగ్గ ఆనే పలక, భుజం పలక అమ్మాయి ఒంటికి తగ్గట్టు జరుపుకునే రైఫిల్ కావాలి. మొదటి ఏడాది క్లబ్బు తుపాకితోనే సాధన చేయనివ్వండి. కొలతలు తెలిశాక కొనండి. పాతది కొంటే గాలి సిలిండరు మీది తేదీ చూడండి. కొన్ని కంపెనీలు పదేళ్ళే గడువు పెడతాయి.

హైదరాబాద్ అబ్బాయి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే కాంస్యం తెచ్చాడు. చక్రాల కుర్చీలోంచి గురిపెట్టే అవని లేఖరా టోక్యోలోనూ, 2024 పారిస్‌లోనూ పారాలింపిక్స్ స్వర్ణం గెలిచింది. హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ ఎంచుకున్నది పిస్టల్. 2018లో పదమూడేళ్ళకే జాతీయ చాంపియనై, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు సాధించింది. మన అమ్మాయి గురి మీద మనకెందుకు అనుమానం?

ఇంట్లో పెట్టుకుంటే ఈ జాగ్రత్తలు

తుపాకి ఒకచోట, పెల్లెట్లు ఇంకోచోట, తాళంచెవి మీ దగ్గర. ఖాళీదే కదా అని ఎవరి వైపూ చూపనివ్వొద్దు. చిన్న పెల్లెట్ చాలు, పిల్లాడి కన్ను పోవడానికి. నీళ్ళ మీదికీ, గట్టి నేల మీదికీ కొడితే పెల్లెట్ ఎగిరి ఎటైనా పోతుంది. వెనక మట్టికుప్ప లేకుండా కొట్టనివ్వొద్దు. పెల్లెట్లు సీసంతో చేసినవి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా పిల్లల చేతికి ఇవ్వనే ఇవ్వొద్దు.

ఈసారి ఇంట్లో బుల్‌పప్ మాట వస్తే వంటింట్లోకి వెళ్ళిపోకండి. కుర్చీ లాక్కుని కూర్చుని ‘దేన్ని కొట్టడానికి?’ అని అడగండి. పక్షినైతే వద్దనండి. డబ్బానైతే జౌల్స్ ఎంతో చూపించమనండి. పతకాన్నైతే, కొలతలకి అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్ళండి.